శోభ పక్కటెముకలు

2024 మార్చి 11, సోమవారం

ఇవాళ షెడ్డు తాళం పగలగొట్టాం. తాళంచెవి ఎవరి దగ్గరా లేదు.

పడవ పేరు శోభ. ఇరవై ఎనిమిది అడుగులు, టేకు చెక్క. యాభై ఏళ్ల కింద కేరళలో కట్టారు. ఒక డాక్టరు సరదాకు తెచ్చుకుని ఈ నాగార్జునసాగర్ నీళ్లలో తెరచాపలేసి తిప్పేవాడు. కాళ్లు పడిపోయాక రేవు వెనక షెడ్డులో పెట్టాడు. పదమూడేళ్లు. పోయే ముందు దాన్ని మెర్సీకి రాసిచ్చాడు, ఎందుకంటే చిన్నప్పుడు ఆ పడవ ఎక్కుతానని ఏడ్చిన పిల్ల సాగర్‌లో అదొక్కతే.

మెర్సీ నా తమ్ముడు భిక్షపతి కూతురు. తమ్ముడు లేడు. పిల్లకు ముప్పై నాలుగేళ్లు, నేవీలో పదేళ్లు చేసి బయటికొచ్చింది. డిసెంబర్ ఒకటిన కొచ్చిలో ఒక రేసు మొదలవుతుంది. పాత చెక్క పడవలకు మాత్రమే. మనిషి ఒక్కరే ఉండాలి. మారిషస్ దాకా, నెల రోజులు, ఎక్కడా ఆగకుండా. నాలుగేళ్లకొకసారి పెడతారు. ఈసారి పోకపోతే ముప్పై ఎనిమిది వచ్చేస్తాయి పెద్దనాయినా అన్నది.

నేవీలో ఆమె నడిపినవన్నీ ఫైబర్ పడవలట. చెక్క సంగతి నీకే తెలుసు, నువ్వు చూసుకుంటే నాకు ఫికర్ లేదన్నది.

డెబ్బై ఆరేళ్ల వయసులో వినవలసిన మాట కాదు. తలకెక్కుతుంది.

మార్చి 13

ఈ నోట్‌బుక్ ఎవరూ చదవడానికి కాదు. కానీ కొందరి గురించి రాసి పెట్టాలి.

మా నాయిన ఈ డ్యామ్‌కు రాళ్లు మోశాడు. నేను దీని మీద తిరిగే లాంచీలకు ఇంజిన్లు బిగించాను. వర్క్‌షాపులో ముప్పై రెండేళ్లు. 1983లో లాంచీ చుక్కానికి కొత్త డిజైన్ గీశాను. గోపీకృష్ణ అనే ఇంజినీరు దాని కింద సంతకం చేసుకుని షీల్డు తీసుకున్నాడు. సభలో నేను కుర్చీలు వేశాను. మా వాడ నుంచి వచ్చినవాడు చదువుకుంటాడని వాళ్లెవరూ అనుకోలేదు. నేను చదివాను. పడవల మీద, సముద్రాల మీద, ఒంటరిగా భూమి చుట్టి వచ్చినవాళ్ల మీద, దొరికిన ప్రతి పుస్తకం. హైదరాబాద్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నవి నూట నలభై ఉన్నాయి ఇంట్లో. మెర్సీ తొమ్మిదేళ్లప్పుడు వాటిలో బొమ్మలు చూసే నక్షత్రాల పేర్లు నేర్చుకుంది.

సముద్రాన్ని నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఒడ్డు నుంచే.

మార్చి 29, గుడ్ ఫ్రైడే

చర్చికి పోయి అటునుంచి అటే షెడ్డుకు పోయాను. శ్యామలమ్మ నా మొహం మీదే అన్నది, యేసుప్రభువును మూడు రోజుల్లో లేపిండు దేవుడు, నీ పడవను లేపాల్నంటె ఎన్ని దినాలు పడ్తదో అని. నలభై తొమ్మిదేళ్ల కాపురం. ఇంకా కొత్త మాటలు దొరుకుతున్నాయి ఆమెకు.

పడవ లోపల కూర్చుంటే బయటి వెలుతురు గీతలు గీతలుగా పడుతోంది. చెక్క ఎండి కుంచించుకుపోయింది. రెండు చెక్కల మధ్య సందులో రూపాయి బిళ్ల పెడితే నిలబడింది.

ఏప్రిల్ 4, గురువారం

మెర్సీ ఒక మనిషిని తీసుకొచ్చింది. సాయానికి. తీరా చూస్తే పెద్దులు.

పెద్దులు సాగర్‌లో చేపలు పడతాడు. శని ఆదివారాలు టూరిస్టు లాంచీకి తాడు కడతాడు. అరవై అయిదు దాటి ఉంటాయి. అక్షరం రాదు. ఈ ఊళ్లో నేను ఎదురుపడకూడదనుకునే మనుషులు నలుగురు ఉంటే, బతికున్నది ఇతనొక్కడే.

శోభ చుట్టూ ఒకసారి తిరిగాడు. అరచేత్తో నిమిరాడు, బర్రెను నిమిరినట్టు. ఇది సచ్చిపోలేదు సారూ, దూపకున్నది అన్నాడు. గోనె సంచులు కప్పాలె, పొద్దుమాపు తడపాలె, పదిహేను దినాలు. అటెంక ఒడ్డుకాడ రాళ్లేసి నీళ్లల్ల ముంచాలె. చెక్క తాగినంత తాగి ఉబ్బుతది, సందులు వాటంతటవే మూసుకుంటయి. అప్పుడు ఏమన్న మిగిలితే దూది వత్తి కొట్టాలె. మా నాయిన పెద్ద పడవకు ప్రతి ఎండకాలం గట్లనే చేసేటోడు.

నేను అది నది దాటించే పడవ కాదన్నాను. ఇది ఓషన్ రేసింగ్ యాట్ అన్నాను. ఎపాక్సీ అనే రెసిన్ జిగురు గురించి, బాండింగ్ గురించి, సగం ఇంగ్లిష్‌లో చెప్పాను. ఇంగ్లిష్ కావాలనే వాడాను.

అంతా విని, అయితే సముద్రంల నీళ్లు తడిగ ఉండయా సారూ అన్నాడు.

మెర్సీ నవ్వింది.

ఆ నవ్వు చూసి వాడికి ఊపొచ్చింది. 1986 కథ ఎత్తుకున్నాడు. నేను రేవులో జారి నీళ్లలో పడ్డ సంగతి. నాకు ఈత రాదు. లాంచీ వర్క్‌షాపు ఫోర్‌మన్‌కు ఈత రాదు. పెద్దులు దూకి నా జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ కథ హోటల్లో చాయ్ కంటే ఎక్కువ అమ్ముడుపోయింది. సారు బయటికొచ్చి నాకు దండం పెడ్తడనుకున్న, నా జుట్టు ఎందుకు పట్టుకున్నవుర అని తిట్టిండు అని వాడు యాక్షన్ చేసి చూపిస్తుంటే మెర్సీ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఈ కథ నాకెందుకు చెప్పలేదు పెద్దనాయినా అన్నది.

రేపు ఎపాక్సీ ఆర్డర్ పెడతాను.

ఏప్రిల్ 5

పెట్టాను. మెర్సీ ఒక్కమాట అడిగింది, పెద్దులు మామ చెప్పినట్టు ముందు తడపొద్దా అని. టైం లేదన్నాను. నమ్మింది.

ఏప్రిల్ 22

సందులన్నీ ఆ ఎపాక్సీ రెసిన్‌తో నింపడం పూర్తయింది. పెద్దులే కలిపి ఇచ్చాడు, నేను నింపాను. చెప్పిన పని చేశాడు, ఎదురు చెప్పలేదు. ఒక్కసారి మాత్రం ఎండిన రెసిన్ మీద గోటితో కొట్టి చూసి, రాయి లెక్క అయింది సారూ, చెక్క యాడికి పోవాలె ఇగ అని గొణిగాడు.

గొణిగితే వినబడనట్టు ఉండే అలవాటు నాకు వర్క్‌షాపు నేర్పింది.

సందు అనేదే కనబడటం లేదు. అద్దంలా ఉంది.

మే 3

షెడ్డు రేకుల కింద నలభై ఆరు డిగ్రీలు. థర్మామీటర్ చూసుకుని బయటికొచ్చాను.

మే 4

పెద్దులు రోజూ గోనె సంచులు తెస్తున్నాడు, మడిచి మూల పెడుతున్నాడు. ఎందుకని అడగను. అడగాలని వాడు చూస్తున్నాడు.

జూన్ 20

తెరచాప స్తంభం ఇసుక కాగితంతో రుద్ది వార్నిష్ మూడు పూతలు వేశాం. దాన్ని పట్టి నిలబెట్టే స్టీలు తీగలు కొత్తవి వచ్చాయి. మెర్సీ కొచ్చిలో ఉంది, ఏదో సేఫ్టీ కోర్సు. రోజూ వీడియో కాల్. పెద్దనాయినా, కెమెరా జర కిందికి పెట్టు, శోభను చూడాలె, నిన్ను కాదు అంటుంది. నేను నవ్వాను కూడా. రాసి పెట్టాను కాబట్టి నవ్వినట్టే.

ఆగస్టు 8, గురువారం

శోభ నీళ్లలో దిగింది.

మూడు రోజుల కిందనే డ్యామ్ గేట్లు ఎత్తారు. నీళ్లు నిండుగా ఉన్నాయి. పట్టాల బండి మీద మెల్లగా వదిలాం. వెనక తాడు పెద్దులు పట్టుకున్నాడు. ఒకచోట తాడు జానెడు జారింది, వెంటనే చుట్టేశాడు. పడవ దేనికీ తగల్లేదు. ఈ వాక్యం ముందు ముందు నాకు అవసరమవుతుందని తెలిసే రాస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు. ఎవరూ చదవరు కదా.

చుక్క నీరు లోపలికి రాలేదు. నేను పెద్దులు వైపు చూశాను. గెలిచాను.

ఆగస్టు 11, ఆదివారం, ఉదయం 10

అందరూ చర్చిలో ఉన్నారు. నేను పడవలో ఉన్నాను. ఒక చప్పుడు వచ్చింది. ఎండు కట్టె మోకాలికేసి విరిచినట్టు. పైన చూశాను, ఏమీ లేదు.

అదే రోజు, 11:30

ఇంకో రెండు.

అదే రోజు, సాయంత్రం

నేల చెక్కలు ఎత్తి చూశాను. టార్చ్ వేసి, బోర్లా పడుకుని.

పడవకు లోపల పక్కటెముకల్లాంటి వంపు కర్రలుంటాయి. పై చెక్కల్ని అవే పట్టి ఉంచుతాయి. ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బుతోంది. ఉబ్బినప్పుడు జరగడానికి సందులుండాలి. సందుల్లో నేను రాయి పోశాను. చెక్క పక్కకు జరగలేక బయటికి తోసింది. ఎముకలు విరిగాయి. ఐదు లెక్కపెట్టాను. రాత్రికల్లా ఎన్నవుతాయో.

నీళ్లు ఇంకా రావడం లేదు. సాగర్ నీళ్లు కదలవు కనుక. సముద్రంలో పదడుగుల అల వచ్చి కొడితే ఆ చెక్కల్ని లోపల నుంచి పట్టుకునేది ఏదీ లేదు. రెసిన్ బిళ్లలు బిళ్లలుగా ఊడిపోతుంది. లోపల మెర్సీ ఒక్కతే ఉంటుంది.

ఆగస్టు 12

అలమారలో ఆ పుస్తకం తీశాను. చెక్క పడవల రిపేరు మీదది, అట్ట ఊడిపోయింది. పేజీ దొరకడానికి నిమిషం పట్టలేదు. ఎండిన పడవను గట్టి పదార్థంతో నింపకూడదు, ముందు తడిపి ఉబ్బనివ్వాలి, లేకపోతే ఎముకలు విరుగుతాయి అని ఉంది. ఆ వాక్యం కింద పెన్సిల్ గీత. పక్కన నా రాత. కరెక్ట్ అని. తేదీ 1987.

తెలియక చేశాను అని రాయాలని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. ఏప్రిల్ నాలుగో తేదీన పెద్దులు చెబుతున్నప్పుడే ఆ పేజీ నా కళ్ల ముందు కనబడింది. పెన్సిల్ గీతతో సహా. వాడు చెబుతున్నది సరైనదని వాడికంటే నాకే ఎక్కువ తెలుసు. కానీ మెర్సీ నవ్వుతోంది. వాడు నా జుట్టు పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి చూపిస్తున్నాడు. అప్పుడు నేను వాడి మాట నిజమని ఒప్పుకుంటే మళ్లీ వాడే నన్ను ఒడ్డుకు లాగినట్టవుతుంది.

అంతే. ఇంకే కారణమూ లేదు.

ఆగస్టు 13

పదకొండు. ఇక చప్పుళ్లు ఆగాయి.

ఆగస్టు 14

లోపల అడుగంతా బూడిదరంగు పెయింట్ వేశాను, మందంగా, రెండు పూతలు. మంచినీళ్ల ట్యాంకును ముందు నుంచి తీసి మధ్యకు జరిపి ఆ ఎముకల మీద బిగించాను. బరువు మధ్యలో ఉంటే మంచిదని ఎవరడిగినా చెప్పవచ్చు. నిజమే కూడా. నా అబద్ధాలన్నిటికీ పుస్తకంలో పేజీ నంబర్ ఉంటుంది.

ఆగస్టు 16, శుక్రవారం

మెర్సీ వచ్చింది. చెప్పకుండా వచ్చింది.

వచ్చిన గంటకే ఒకటి కనిపెట్టింది. ట్యాంకుకు వెనక, నా పెయింట్ అందని మూలలో పగిలిన ఎముక. ఇదేంది పెద్దనాయినా అన్నది. గొంతులో అనుమానం లేదు. నేను జవాబు చెబుతానని మాత్రమే ఉంది.

నీళ్లలో దింపేటప్పుడు పెద్దులు చేతిలో తాడు జారింది, పడవ రేవు రాయికి తగిలింది అన్నాను.

నోరు దానంతటది అన్నది అని రాయాలనుంది. లేదు. నేనే ఆలోచించి అన్నాను. ముందు రోజే అనుకుని పెట్టుకున్నాను.

హోటల్ దగ్గర పెద్దులు కూర్చుని ఉన్నాడు. మెర్సీ నేరుగా పోయింది. అరవలేదు. నా పాణం ఆ తాడు మీద ఉంటది మామా, నువ్వు రేపటి నుంచి రాకు అన్నది. అందరి ముందరే. చాయ్ పోసే అతను పోయడం ఆపాడు.

పెద్దులు నా వైపు చూశాడు. తర్వాత, సారు చెప్పిండంటె నిజమే అయితది బిడ్డా అన్నాడు.

ఆగస్టు 17

షెడ్డుకొచ్చి గోనె సంచులు తీసుకుపోయాడు. లెక్కపెట్టుకోలేదు. ఒకటి మరిచిపోయాడు.

ఆగస్టు 30

శ్యామలమ్మ మార్కెట్ నుంచి వచ్చి చెప్పింది. పెద్దులును లాంచీ తాడు కట్టే పనిలో నుంచి తీసేశారట. చేతిలో తాడు నిలవదని పేరు పడింది. పిల్లలు పడవ ఇరగ్గొట్టిన తాత అని వెంటబడుతున్నారట. ఆయన గా తాడు ఇడిచిపెడ్తడా, ముప్పై ఏండ్ల నుంచి చూస్తున్న అన్నది. నేను పేపర్ చదువుతూనే ఉన్నాను. ఏమయ్యా ఇనబడ్తాందా అన్నది. వినబడుతోంది.

మెర్సీకి కనబడిన ఎముకకు జోడు కర్ర వేసి బోల్టులు బిగించాను. పని చాలా శుభ్రంగా వచ్చింది.

సెప్టెంబర్ 19, గురువారం

రేసు వాళ్ల తరఫున సర్వేయర్ వచ్చాడు. దివాకర్ అని, కాకినాడ మనిషి. ఆయన సరే అంటేనే పడవకు ఎంట్రీ. దిగుతూనే ఇక్కడ సముద్రం ఎక్కడుందండీ అని నవ్వాడు. నేను మాట్లాడితే రెండుసార్లు, ఆ? ఆ? అన్నాడు, నా మాట తెలుగు కానట్టు.

చిన్న సుత్తి పెట్టి చెక్క మీద కొట్టుకుంటూ చెవి ఆనించి విన్నాడు. నేను వెనకే ఉన్నాను. ట్యాంకు దగ్గరికొచ్చాడు. దీన్ని తీయమంటారా అని నేనే అడిగాను. ఎందుకడిగానో తెలియదు. తీయించి ఉంటే బాగుండేది. అక్కర్లేదండీ, మీ పని చూస్తే తెలుస్తోంది అన్నాడు.

పైకొచ్చి చెయ్యి కలిపాడు. తెలంగాణ రాళ్ల మధ్య ఇంత మంచి పడవ మేస్త్రి ఉంటాడని నమ్మలేదండీ, ముప్పై ఏళ్లలో ఇంత చక్కటి అతుకు చూడలేదు అన్నాడు. సంతకం పెట్టాడు. మెర్సీ నా భుజం పట్టుకుని ఊపేసింది.

ఈ మాట కోసం నేను నలభై ఏళ్లు ఎదురుచూశాను. 1983లో ఆ సభలో రావలసిన మాట. వచ్చింది. నేను దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. అన్నం తింటూ మళ్లీ విన్నాను. రుచిగానే ఉంది. అదే సిగ్గు. రుచిగా లేకపోతే ఇంత సిగ్గు ఉండేది కాదు.

సెప్టెంబర్ 20

పొద్దున్నే రేవు దాకా పోయి, పడవ ఎక్కకుండానే తిరిగొచ్చాను.

సెప్టెంబర్ 27

నాలో నేను వాదించుకుంటున్నాను. చెప్పకపోయినా ఏమీ కాకపోవచ్చు. వాతావరణం బాగుండవచ్చు. చాలా పాత పడవలు విరిగిన ఎముకలతోనే తిరుగుతాయి, పుస్తకాల్లో ఉంది. ఇంకో పుస్తకంలో ఒక పడవ గురించి ఉంది, దాని చివరి రేడియో మాట గురించి. ఆ పుస్తకం తీసి కింది అరలో పెట్టాను, శ్యామలమ్మ చీరల కింద.

చెబితే మెర్సీ రేసు పోతుంది. రిపేరుకు నాలుగు నెలలు. చెప్పకపోతే మెర్సీయే పోవచ్చు. ఇంత స్పష్టంగా రాశాక కూడా నేను ఆలోచిస్తున్నాను, దివాకర్‌కు తెలిస్తే ఏమనుకుంటాడో అని.

అక్టోబర్ 10

శోభను నీళ్లలో నుంచి తీసి రేవు మీద పెట్టారు. సోమవారం లారీ వస్తుంది, కొచ్చికి.

మెర్సీ హైదరాబాద్‌లో ఇత్తడి బిళ్ల చేయించుకొచ్చింది. పడవ లోపల, నిచ్చెన పక్కన, నాలుగు మొలలు కొట్టి బిగించింది. నా పేరు. కింద, దీన్ని మళ్లీ బతికించినవాడు అని. నెల రోజులు ఒక్కదాన్నే ఉంటా కద పెద్దనాయినా, మాట్లాడేతందుకు ఎవరన్న ఉండాలె అన్నది.

నా పేరు ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ చెక్కించింది. ఏ ఇంజినీరు సంతకమూ లేదు దాని కింద.

అక్టోబర్ 14, సోమవారం

చెప్పాను.

క్రేన్ వచ్చింది. పడవ పొట్ట కింద రెండు బెల్టులు వేసి ఎత్తారు. బెల్టులు బిగిసినప్పుడు లోపల నుంచి ఒక మూలుగు వచ్చింది. క్రేన్ డ్రైవర్‌కు వినబడలేదు, మెర్సీకి వినబడలేదు. నాకు తెలుసు కాబట్టి నాకు వినబడింది.

దింపమన్నాను. నేను ఏదో మరిచిపోయాననుకున్నారు. దింపారు. లోపలికి పోయి ట్యాంకు బోల్టులు విప్పాను. ఒక బోల్టు రాలేదు, సుత్తితో కొట్టాను. మెర్సీ నిచ్చెన మీద నిలబడి, ఏమైంది పెద్దనాయినా, ఏమైంది అంటోంది. ట్యాంకు పక్కకు జరిపి స్క్రూడ్రైవర్‌తో పెయింట్ గీకాను. ఒక్కొక్కటే. లెక్క తప్పకుండా పదకొండూ చూపించాను.

ఆమె వేలితో ప్రతి పగులునూ తడిమింది. పడవ గురించి అడగలేదు. ఎప్పటి నుంచి తెలుసు అని అడిగింది. ఆగస్టు అన్నాను.

తాడు జారింది కదా అన్నది. జారలేదన్నాను. జానెడు జారింది, తగల్లేదు.

అంతకు ముందేమన్న తెలుసా అన్నది. ఇక్కడ లేదనవచ్చు. ఎవరికీ తెలిసే అవకాశం లేదు. నా ఒక్కడికీ ఆ పెన్సిల్ గీతకూ తప్ప. ఏప్రిల్‌లోనే తెలుసు అన్నాను. నువ్వు నవ్వినవు బిడ్డా, అందుకే అన్నాను.

ఆమె ముఖం చూశాను. నేను బతికినంతకాలం ఆ ముఖం చూడకుండా ఉండవలసింది.

లారీ ఖాళీగా పోయింది.

అక్టోబర్ 15

దివాకర్‌కు మెర్సీయే ఫోన్ చేసి చెప్పిందట. ఏమన్నాడో నేను అడగలేదు. ఎంట్రీ రద్దయింది.

అక్టోబర్ 16

ఇత్తడి బిళ్ల నేనే ఊడదీశాను. మెర్సీ చూస్తూ నిలబడింది, వద్దనలేదు. పోతూ ఒకే మాట అన్నది. అబద్ధం యాడ చెప్పించినవో ఆడనే నిజం చెప్పు. పెద్దనాయినా అని చివర రాలేదు.

అక్టోబర్ 20, ఆదివారం

చర్చి విడిచే వేళకు హోటల్‌కు పోయాను. లాంచీ వాళ్లు, చేపల వాళ్లు, చర్చి నుంచి వచ్చిన మా వాళ్లు, అందరూ ఉండే వేళ. పెద్దులు మూల బెంచీ మీద బన్ను తింటున్నాడు. వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు.

నిలబడి చెప్పాను. తాడు వదల్లేదు, పడవ తగల్లేదు, ఇరగ్గొట్టింది నేను, ఏం చేయాలో పెద్దులు ముందే చెప్పాడు, తెలిసీ నేను వినలేదు అని. గొంతు పెద్దది చేయమని ఎవరో వెనక నుంచి అన్నారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను, గట్టిగా.

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారనుకుని పోయాను. నవ్వి ఉంటే తేలికయ్యేది.

పెద్దులు బన్ను చివరి ముక్క చాయ్‌లో ముంచి తిన్నాడు. నిదానంగా. నాకు ఎరుకైన ముచ్చటనే చెప్పినవు సారూ, ఎరుక లేనిది ఏమన్న ఉంటె చెప్పు అన్నాడు.

లేచి నా ముందు నిలబడి నా తల వైపు చూశాడు. ఈసారి పట్టుకుని గుంజుదామంటె జుట్టు గూడ లేకపాయె నీకు అన్నాడు. అప్పుడు నవ్వారు. అందరూ. పెద్దులు తప్ప.

నవంబర్ 9

పెద్దులుకు లాంచీ తాడు పని మళ్లీ ఇచ్చారు. శ్యామలమ్మ చెప్పింది. నేను పేపర్ పక్కన పెట్టి విన్నాను.

డిసెంబర్ 1, ఆదివారం

రేసు మొదలైంది. పద్నాలుగు పడవలు. మెర్సీ షెడ్డులో, శోభ పక్కన నేల మీద కూర్చుని ఫోన్‌లో చూసింది. నేను గుమ్మంలో నిలబడి ఆమెను చూశాను. చివరి తెరచాప కూడా కనబడకుండా పోయే దాకా చూసింది. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, ఉలి తీసుకుని, సందుల్లో రెసిన్ చెక్కడం మొదలుపెట్టింది. రాయిలా ఉంది అది. రోజుకు మూర కంటే ఎక్కువ రాదు.

నేనూ ఒక ఉలి తీసుకున్నాను. వద్దనలేదు. రమ్మనలేదు.

2025 ఫిబ్రవరి 18

పదకొండో ఎముక మార్చాం. మెర్సీ పోయి పిలుచుకొచ్చిన పెద్దులు కర్రకు ఆవిరి పెట్టి వంచుతాడు, మెర్సీ బిగిస్తుంది, నేను దీపం పట్టుకుంటాను. ఫోర్‌మన్ సారు లైట్ మంచిగ పడ్తడు అన్నాడు పెద్దులు. మెర్సీ తల ఎత్తలేదు. మెర్సీ నన్ను ఏమనీ పిలవడం లేదు. ఇదిగో అంటుంది, అంతే.

ఆ మిగిలిన గోనె సంచి తడిపి నేనే శోభ ముక్కు మీద కప్పాను. రెండో రోజుకు ఇంకో ఇరవై వచ్చాయి.

2025 మార్చి 27, గురువారం

శోభను ముంచినం.

ఒడ్డుకాడ, పెద్దులు చెప్పినట్టు. ఆయన రాళ్లు అందిస్తుంటె మెర్సీ లోపల పేర్చింది. ముక్కు తాడు నాకిచ్చిన్రు. మోకాళ్ల దాకా దిగిన. అటెంక నడుము దాకా. ఎవ్వరు నన్ను పట్టుకోలేదు. పడవ నిదానంగ పోయింది. నిచ్చెన పక్కన నాలుగు మొలల తొర్రలు కనబడ్డయి, అవి గూడ మునిగినయి. తాడు ఇడవలేదు.

నీళ్లకు చెవి ఆనిస్తె ఇనబడ్తదన్నడు పెద్దులు. వంగి ఆనిచ్చిన.

తాగుతాంది.